గాజుతొట్టికి కొల్లేటి పాఠం

కొల్లేరు అనగానే మీకేం గుర్తొస్తుంది? కొర్రమీను పులుసా? ఆటపాకలో గూళ్ళు కట్టుకునే గూడబాతులా? ఫాల్గుణ మాసంలో జరిగే పెద్దింట్లమ్మ తల్లి జాతరా? వీటి గురించి ఎవరో ఒకరు చెబుతూనే ఉంటారు. ఈసారి మనం కొల్లేటి అడుగున ఉన్న మట్టి గురించి మాట్లాడుకుందాం.

"మట్టి గురించి మాట్లాడుకోవడానికి ఏముంది?" అని పేజీ తిప్పేయకండి. పిల్లల పోరు పడలేక కొన్న గాజుతొట్టి... అదేనండీ, అక్వేరియం... మీ హాల్లో ఒక మూల ఉందా? అందులో ప్లాస్టిక్ మొక్కలు తీసేసి, నిజం మొక్కలు నాలుగు పెంచాలని మీకు సరదాగా ఉందా? పెట్టిన మొక్కలు పెట్టినట్టే పసుపుబారి కుళ్ళిపోతున్నాయా? వాటితోపాటు చేపలూ తేలిపోతుంటే పిల్లల కళ్ళనీళ్ళు తుడవలేక విసుగొస్తోందా? అయితే నాతో కొల్లేటికోట దాకా రండి. తప్పు చాలావరకు నీళ్ళలో లేదు, మొక్కల్లోనూ లేదు. అడుగున పరిచిన ఇసుకలో ఉంది. ఆ సంగతి అర్థం కావాలంటే కొల్లేటిని మించిన బడి లేదు.

కోట పేరు, అమ్మవారి ఊరు

ఏలూరు నుంచి కైకలూరు వెళ్ళే రోడ్డు కొల్లేటి మధ్యగానే పోతుంది. బుడమేరు, తమ్మిలేరు పొంగిన ఏడు ఆ రోడ్డు మీదికే నీళ్ళొచ్చేస్తాయి. తాడేపల్లిగూడెం వైపు వాళ్ళయితే భీమవరం, ఆకివీడు మీదుగా రావచ్చు. రైల్లో వచ్చేవాళ్ళకు గుడివాడ-భీమవరం లైనులో కైకలూరు స్టేషనుంది. కొల్లేటికోట ఆ కైకలూరు మండలంలోదే. మొన్నమొన్నటిదాకా కృష్ణా జిల్లాలో ఉండేది. 2022లో కొత్త జిల్లాలు వచ్చాక ఏలూరు జిల్లాలో చేరింది.

దారికి రెండు పక్కలా నీళ్ళే. కొంత సరస్సు, కొంత చేపల చెరువులు. గట్ల మీద తెల్లకొంగలు తపస్సు చేస్తుంటాయి. జమ్ము, కిక్కిసగడ్డి మనిషెత్తు పెరిగి గాలికి ఊగుతూంటాయి. మధ్యమధ్య ఊదారంగు పూలతో గుర్రపుడెక్క తివాచీ పరిచినట్టుంటుంది. చలికాలంలో వెళితే మరీ బాగుంటుంది. ఎక్కడెక్కడి నుంచో వలస వచ్చిన పక్షులన్నీ అప్పుడిక్కడే ఉంటాయి.

పేరులో కోట ఉన్నా, అందరూ వెళ్ళేది పెద్దింట్లమ్మ గుడికే. ఒకప్పుడు ఈ ఊరు నీళ్ళ మధ్య దీవి. భక్తులు పడవల మీదే వచ్చేవారు. ఇక్కడ గజపతుల కోట ఉండేదని, దాన్ని పట్టుకోవడానికి వచ్చిన శత్రువు ఒడ్డున చిగురుకోటలో దిగాడని చెబుతారు. నీళ్ళున్నంతకాలం కోట దొరకదు కదా! అందుకని కాలువ తవ్వించి కొల్లేటి నీళ్ళన్నీ సముద్రంలోకి వదిలేద్దామనుకున్నాడట. అదే ఇప్పటి ఉప్పుటేరు అంటారు. గెలుపు కోసం గజపతుల సేనాని తన కన్నకూతుర్నే బలి ఇచ్చాడని, అందుకే ఆ కాలువకు పేరంటాళ్ళ కనుమ అన్న పేరొచ్చిందని కథ. ఎన్నిసార్లు విన్నా ఆడపిల్ల తల్లికి గుండె కలుక్కుమంటుంది.

కథ మాట ఎలా ఉన్నా, అందులో ఒక నిజం ఉంది. కొల్లేరు చూడ్డానికి సముద్రంలా కనిపించినా లోతు తక్కువ. వేసవిలో చాలాచోట్ల నడుంలోతు కూడా ఉండదు. అంటే ఎండ అడుగుదాకా దిగుతుంది. అడుగున ఉన్న మట్టి, పైన ఉన్న నీళ్ళు, మధ్యలో ఉన్న మొక్కలు ఒకదానినొకటి అంటిపెట్టుకుని బతుకుతాయి. మన గాజుతొట్టి కూడా అంతే కదా!

"దిగమాక బాబూ!"

గుడిలో దణ్ణం పెట్టుకుని నీటి ఒడ్డుకు వెళ్ళాం. అక్కడ గాలి లేదు. నీళ్ళు తేటగా ఉన్నాయి. అడుగున నాచు, రిబ్బన్లలా పొడుగ్గా పెరిగే వాలిస్నేరియా మెల్లగా ఊగుతున్నాయి. మధ్యలో చిన్న చిన్న పరిగెలు. మా చిన్నవాడు చెప్పులు విప్పి దిగబోయాడు. పక్కనే చేపల మావులు సర్దుకుంటున్న ఒక పెద్దావిడ గట్టిగా అరిచింది.

"దిగమాక బాబూ! కాలెట్టావంటే బురద లేచిపోద్ది. లేచిందంటే పొద్దుగూకేదాకా అణగదు."

"మరి ఇంత బురదలో చేపలెలా ఉంటాయమ్మా?" అని అడిగాను నేను.

"బురద అడుగునుంటే వాటికి అన్నమేనమ్మా. పైకి లేచిందంటేనే చేటు," అంది ఆవిడ చేతిలో పని ఆపకుండానే.

అక్వేరియం పుస్తకాలు పేజీలకు పేజీలు రాసే విషయాన్ని ఆవిడ రెండు ముక్కల్లో చెప్పేసింది. సారం అడుగున ఉండాలి. పైన దాన్ని కదలనివ్వని మూత ఉండాలి. కొల్లేటిలో ఆ మూత పని వేళ్ళు, నాచు చేస్తాయి. మన తొట్టిలో ఇసుక చెయ్యాలి.

కొల్లేటి అడుగు కథ

కొల్లేటి అడుగున ఈ మట్టి ఎక్కడినుంచి వచ్చిందంటారా? కొన్ని వేల ఏళ్ళ క్రితం సముద్రపుటొడ్డు ఇప్పటికన్నా చాలా లోపలికి, కొల్లేటి దాపుల దాకా ఉండేదని భూగోళ శాస్త్రం చదివినవాళ్ళు చెబుతారు. ఇటునుంచి కృష్ణ, అటునుంచి గోదావరి ఒండ్రు మోసుకొచ్చి పోస్తూంటే, రెండు డెల్టాలూ సముద్రంలోకి జరుగుతూ పోయాయి. రెంటికీ నడుమ మిగిలిపోయిన పల్లమే కొల్లేరు. వానాకాలంలో బుడమేరు, తమ్మిలేరు లాంటి ఏళ్ళు తెచ్చే ఒండ్రంతా వచ్చి అందులో అణుగుతుంది.

ఏరు పరుగెత్తేటప్పుడు పెద్ద ఇసుక ముందు జారిపోతుంది. సన్నటి ఒండ్రు చివరిదాకా తేలుతూ వచ్చి, నీళ్ళు నిలిచినచోట దిగుతుంది. అందుకే గోదావరి ర్యాంపుల్లో దొరికేది ఇసుక, కొల్లేటిలో దొరికేది జిగట ఒండ్రు. ఇసుకలో సారం లేదు, కానీ అది కదలదు, నీటిని పాడుచెయ్యదు. ఒండ్రులో సారం ఉంది, కానీ కదిపితే పాలు విరిగినట్టు నీళ్ళంతా పాడవుతాయి. తొట్టిలో మొక్కలు పెంచాలంటే ఈ రెండూ కావాలి. ఏది కింద, ఏది పైన, ఎంత మందం అన్నదే కిటుకు.

"అయితే ఇక్కడి మట్టే ఒక సంచిలో పట్టుకుపోదామా?" అన్నారు మావారు. ఆ పని మాత్రం చెయ్యకండి. కొల్లేరు అభయారణ్యం. అందులోంచి మొక్కలుగానీ, మట్టిగానీ, చేపలుగానీ ఇళ్ళకు పట్టుకుపోకూడదు. పైగా ఊళ్ళ మురుగు, పొలాల మందులు ఎన్నో ఆ మట్టిలో చేరి ఉంటాయి. మన తొట్టికి కావలసిన మట్టి మన పెరట్లోనే ఉంది. పాఠం కొల్లేటిది, మట్టి మన ఇంటిది!

ఇసుక ఎలాంటిది కావాలి?

ముందు ఇసుక సంగతి. మనకు కావలసింది నదీ ఇసుక. అది చాలావరకు పలుగురాతి నలుసులే కాబట్టి నీటి గుణాన్ని మార్చదు. పేరుపాలెం బీచికి పిక్నిక్ వెళ్ళినప్పుడు తెల్లగా మెరిసే ఇసుక చూసి ముచ్చటపడి సంచీలో పోసుకురాకండి. సముద్రపు ఇసుకలో ఉప్పు ఉంటుంది. కడిగితే ఉప్పు పోవచ్చుగానీ గవ్వల ముక్కలు పోవు. వాటిలోని సున్నం నెమ్మదిగా కరిగి నీటిని చౌడు నీళ్ళలా చేస్తుంది. ఇల్లు కట్టేచోట కుప్పపోసిన ఇసుకైతే సిమెంటు, సున్నం కలవలేదని రూఢి చేసుకున్నాకే తీసుకోండి.

అనుమానంగా ఉంటే వంటింట్లోనే పరీక్ష చెయ్యవచ్చు. పొడి ఇసుక రెండు చెంచాలు గాజుగ్లాసులో వేసి, దానిమీద నిమ్మరసం పిండండి. వెనిగర్ ఉంటే మరీ మంచిది. వంటసోడా మీద పిండినప్పటిలా బుసబుసమని నురగ వచ్చిందంటే అందులో సున్నం ఉన్నట్టే. ఆ ఇసుక వద్దు. ఏమీ రాకపోతే పనికొస్తుంది.

ఇక రేణువు ఎంతుండాలి? మైదాలా మెత్తగా ఉంటే గట్టిపడిపోయి, లోపలికి నీళ్ళు దిగవు. గాలి ఆడనిచోట మట్టి నల్లబడి కుళ్ళిన కోడిగుడ్డు వాసన వేస్తుంది. ఆ విషవాయువు చేపలకు చేటు. బఠాణీ గింజంత గులకరాళ్ళయితే మరో బాధ. చేపలు తినగా మిగిలిన మేత సందుల్లోకి జారిపోయి అక్కడే కుళ్ళుతుంది, వేళ్ళకు పట్టు దొరకదు. బొంబాయి రవ్వ నుంచి గోధుమ నూక దాకా, మహా అయితే ఆవగింజంత ఉంటే సరిపోతుంది. పిండి జల్లెడలోంచి కిందికి రాలిపోయినది పారేయండి. ఆవగింజకన్నా పెద్దదాన్ని ముతక జల్లెడతో తీసేయండి. మధ్యలో మిగిలిందే మనకు కావలసింది. అయితే ఈ పనికి వాడిన జల్లెడను మళ్ళీ వంటింట్లోకి తేకండి.

ఆకుపచ్చ, గులాబి రంగులు వేసిన గులకరాళ్ళు దుకాణాల్లో అమ్ముతారు. పిల్లలు వాటికోసమే మారాం చేస్తారు. కానీ నాసిరకం వాటికి రంగు ఊడి నీళ్ళలో కలుస్తుంది. పదును అంచులున్న రాళ్ళయితే అడుగున తిరిగే మీసాల చేపలకు మీసాలు అరిగిపోతాయి. మార్పులు, జెల్లలు చూడండి, మీసాలతో అడుగంతా వెతుక్కుంటూనే బతుకుతాయి. అక్వేరియంలో పెంచే చిన్న క్యాట్‌ఫిష్‌లదీ అదే తీరు. వాటికి మెత్తటి గుండ్రటి ఇసుకే హాయి.

కడగడం బియ్యం కడిగినట్టే. బకెట్టులో మూడోవంతు ఇసుక పోసి, నిండా నీళ్ళు పట్టి, చేత్తో బాగా కలియబెట్టి, మురికి నీళ్ళు వంచేయండి. పది పన్నెండుసార్లయినా పడుతుంది. విసుక్కోకండి. ఆఖరున గాజుగ్లాసులో గుప్పెడు ఇసుక వేసి నీళ్ళు పోసి కదిపి చూడండి. నిమిషంలో తేరుకుంటే కడగడం అయినట్టు. సబ్బుగానీ, డిటర్జెంటుగానీ పొరపాటున కూడా తగలనివ్వకండి. వంచిన నీళ్ళు పెరటి మొక్కలకు పోసెయ్యండి.

ఎంత ఇసుక కావాలో కూడా లెక్క చెబుతాను. 2 అడుగుల పొడవు, 1 అడుగు వెడల్పు ఉన్న తొట్టిలో 2 అంగుళాల మందం పరచాలంటే సుమారు 15 కిలోల ఇసుక పడుతుంది. అడుగెత్తు తొట్టి నిండితే 50 లీటర్లకు పైగా నీళ్ళు. గాజు బరువు కూడా కలిపితే మొత్తం ఒక పెద్ద మనిషి బరువంత అవుతుంది. టీవీ పక్కన వంకర కాళ్ళ స్టూలు మీద పెట్టకండమ్మా!

కింద మట్టి, పైన మూత

ఇసుకలో సారం లేదని చెప్పుకున్నాం కదా. వాలిస్నేరియా, క్రిప్టోకోరైన్, అమెజాన్ స్వోర్డ్ లాంటి మొక్కలు వేళ్ళతో తినేవి. వాటికి వట్టి ఇసుక అంటే ఉప్పూకారం లేని కూడు. అందుకే కింద మట్టి పొర. అమెరికాలో డయానా వాల్‌స్టాడ్ అనే ఆవిడ 1999లో ఈ మట్టి తొట్ల మీద ఒక పుస్తకమే వేశారు. ఆవిడ పద్ధతిలో ఖరీదైన పరికరాలుండవు. కింద ఒక అంగుళం, అంగుళంన్నర మట్టి, పైన ఒక అంగుళం ఇసుక లేక సన్న రాళ్ళు, నిండా మొక్కలు. అంతే. పెద్దావిడ చెప్పిన కొల్లేటి సూత్రం, ఆవిడ రాసిన సూత్రం ఒకటే!

పెరట్లోని మామూలు మట్టి తీసుకోండి. యూరియా, పురుగుమందు, కొత్త పేడ ఎరువు పడిన మట్టి మాత్రం వద్దు. వాటినుంచి పుట్టే అమ్మోనియా చేపల మొప్పలను కాల్చేస్తుంది. మట్టిని జల్లించి, పుల్లలు, రాళ్ళు తీసి, బకెట్టు నీళ్ళలో నానబెట్టండి. మర్నాడు పైన తేలిన చెత్తను వంచేసి, మట్టిని పాత గోనె మీద పరిచి ఎండబెట్టండి. ఇలా మూడుసార్లు నానబెట్టి, మూడుసార్లు ఎండబెడితే అందులో కుళ్ళవలసినదంతా ముందే కుళ్ళిపోతుంది. వేసవిలో వారం రోజుల పని. వడియాలు పెట్టే ఎండలోనే అదీ అయిపోతుంది.

ఇప్పుడు పరచడం. ఖాళీ తొట్టిలో తడి మట్టిని అంగుళం మందం సమంగా అద్దండి. ముందు గాజుకు ఆనేచోట రెండు అంగుళాలు మట్టి లేకుండా వదిలి, అక్కడ ఇసుకే పోస్తే చూపు కూడా బాగుంటుంది. మట్టి మీద ఇసుక అంగుళంన్నర నుంచి రెండు అంగుళాలు కప్పండి. ముందు పక్క తక్కువ, వెనక పక్క ఎక్కువగా వాలు పెడితే తొట్టి లోతుగా కనిపిస్తుంది, అడుగు చెత్త ముందుకు జారి తీయడం సులువవుతుంది.

కొంతమంది కింద పెద్ద గులకరాళ్ళు, మధ్య చిన్నవి, పైన సన్న ఇసుక పొరలుగా పోస్తారు. మొదటిరోజు చూడ్డానికి అందంగానే ఉంటుంది. కానీ చాటలో బియ్యం, నూకలు కలిపి కదిపితే ఏమవుతుంది? నూకలు కిందికి దిగుతాయి, గింజలు పైకి వస్తాయి. తొట్టిలోనూ అంతే. కొన్నాళ్ళకు సన్న ఇసుక సందుల్లోకి జారిపోయి గులకరాళ్ళు పైకి తేలతాయి. పెద్ద రాళ్ళు పెట్టాలని ముచ్చటగా ఉంటే అన్నిటికన్నా పైన, అక్కడొకటి ఇక్కడొకటి పెట్టుకోండి.

నీళ్ళు పోసేటప్పుడు ఇసుక మీద ఒక పళ్ళెం పెట్టి, ఆ పళ్ళెంలోకి సన్నటి ధారగా పోయండి. బిందె ఎత్తి గుమ్మరించారో, వారం రోజుల కష్టం బురదపాలే. కుళాయి నీళ్ళలో బ్లీచింగు వాసన వస్తుంటే ముందురోజే పట్టి వెడల్పాటి గిన్నెలో మూత లేకుండా ఉంచండి. అయినా నీళ్ళు కాస్త మసగ్గా ఉంటే కంగారుపడకండి. రెండు మూడు రోజుల్లో అవే తేరుకుంటాయి. మన అమ్మమ్మలు గోదావరి కొత్తనీటికి ఇండుపగింజ అరగదీసి వేసేవారు కదా, ఆ చిట్కా తాగేనీటి కుండకే ఉంచండి. తొట్టిలో వద్దు.

తోడు వెయ్యడం మరచిపోకండి

మొక్కలు నాటాక ఆ సాయంత్రమే చేపలు తెచ్చి వెయ్యాలని పిల్లలు గోల చేస్తారు. ఒప్పుకోకండి. పాలు కాచి తోడు వెయ్యకుండా పెరుగు కాలేదంటే అవుతుందా? ఇసుక రేణువుల మీద కంటికి కనబడని సూక్ష్మజీవులు కాపురం పెట్టాలి. చేపల మలం, మిగిలిన మేత నుంచి పుట్టే అమ్మోనియాను అవే ముందు నైట్రైటుగా, తర్వాత నైట్రేటుగా మారుస్తాయి. ఆ నైట్రేటును మొక్కలు తింటాయి. ఈ కాపురం కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. కొన్న చేపలు మొదటి వారంలోనే చచ్చిపోవడానికి ఎక్కువగా ఇదే కారణం. పాపం, మీ పిల్లలు మేత తక్కువ వేసో ఎక్కువ వేసో కాదు. ఇల్లు సిద్ధం కాకుండానే చుట్టాలను పిలిచాం, అంతే.

తెలిసినవాళ్ళింట్లో ఆరోగ్యంగా ఉన్న పాత తొట్టి ఉంటే దానిలోంచి గుప్పెడు ఇసుక అడిగి తెచ్చి, మీ ఇసుక మీద చల్లండి. అదే తోడు! పని తొందరగా అవుతుంది. ఆ తర్వాత కూడా ఒకేసారి డజను చేపలు కాకుండా, రెండేసి చొప్పున వెయ్యండి.

మొక్కలు నాటేటప్పుడు వేళ్ళు మట్టి పొరకు తగిలేలా గుచ్చి, ఇసుకతో కప్పండి. అయితే అన్ని మొక్కలూ నాటేవి కావు. జావా ఫెర్న్, అనూబియాస్ లాంటివాటికి దుంప ఇసుకలో పూడితే కుళ్ళిపోతుంది. వాటిని రాయికో చెక్కకో దారంతో కట్టాలి. హార్న్‌వోర్ట్‌కు అసలు వేళ్ళే ఉండవు, నీటిలో వదిలేస్తే చాలు.

అప్పుడప్పుడు ఇసుకలోంచి బుడగలు వస్తాయి. మట్టి ఊపిరి పీలుస్తోందన్నమాట. మరీ ఎక్కువ చేరాయనిపిస్తే స్వెట్టరల్లే సూదితో ఇసుకలో మెల్లగా గుచ్చి తీయండి. కలియబెట్టకండి. నీళ్ళు మార్చేటప్పుడు కూడా పావువంతే మార్చండి. చెత్త లాగే గొట్టం ఇసుకపైన తిరగాలిగానీ ఇసుకలోకి దిగకూడదు. మొక్క బాగా పెరిగిపోతే పీకకుండా కత్తిరించండి. పీకితే వేళ్ళతోపాటు మట్టంతా పైకొస్తుంది. కొల్లేటి ఒడ్డున ఆవిడ అరిచిన అరుపు గుర్తు తెచ్చుకోండి!

సారం ఎక్కువైనా చేటే

ఇంతవరకు చదివి "అయితే రెండంగుళాలు మట్టి వేస్తే మొక్కలు రెట్టింపు పెరుగుతాయేమో" అనుకుంటున్నారా? అక్కడే కొల్లేరు ఇంకో పాఠం చెబుతుంది.

కృష్ణా గోదావరుల మధ్య ఉన్న ఈ మంచినీటి సరస్సులో సముద్ర మట్టానికి 5 అడుగుల ఎత్తు గీత దాకా ఉన్న 308 చదరపు కిలోమీటర్లను 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. ఇక్కడివాళ్ళు దాన్నే ఐదో కాంటూరు అంటారు. 2002లో అంతర్జాతీయ రామ్‌సార్ జాబితాలోనూ కొల్లేరు చేరింది. కానీ అప్పటికే సరస్సులో చేపల చెరువుల గట్లు లేచిపోయాయి. చేపలకు వేసే మేత, ఎరువులు, ఊళ్ళ మురుగు, పొలాలనుంచి కొట్టుకొచ్చే ఎరువుల సారం అంతా ఆ పల్లంలోనే చేరాయి. 2006లో ప్రభుత్వం చెరువుల గట్లు కొట్టించేసింది. చెరువుల మీద బతికే కుటుంబాల గోడు ఒకవైపు, సరస్సు ఊపిరి ఒకవైపు. ఆ తగువు ఇంకా తీరలేదు.

తొట్టికి పనికొచ్చే మాట ఒకటుంది. నీళ్ళలో సారం మితిమీరితే మనకు కావలసిన మొక్కలు పెరగవు. సందు దొరికితే అల్లుకుపోయేవి పెరుగుతాయి. కొల్లేటిలో గుర్రపుడెక్క, మన తొట్టిలో గాజుకు పట్టే పచ్చటి పాకుడు. రెండూ ఒక తల్లి బిడ్డలే. పైన పరచుకుని వెలుగును మింగేస్తాయి. కింద ఉన్నవి ఊపిరాడక చస్తాయి. అందుకే మట్టి అంగుళం చాలు. చేపలకు మేత రెండు నిమిషాల్లో తినేసేంతే. లైటు రోజుకు ఎనిమిది గంటలు. కిటికీలోంచి ఎండ నేరుగా పడేచోట తొట్టి పెట్టకండి.

గుర్రపుడెక్కను చూసి భయపడవలసిన కారణం ఇంకొకటి ఉంది. అది మన మొక్క కాదు. దక్షిణ అమెరికాది. ఊదాపూలు బాగున్నాయని ముచ్చటపడి దొరలు తెచ్చి పెంచితే, తోటలు దాటి మన కాలువలన్నిటిలోకీ పాకింది. అంటే అది కూడా ఒకప్పుడు అందం కోసం తెచ్చిన మొక్కే! తొట్టిలో పాకుడు తింటుందని కొనే సకర్ ఫిష్ కథా ఇలాంటిదే. చిన్నప్పుడు వేలంత ఉంటుంది. పెరిగి అడుగు దాటాక ఎక్కడ పెట్టాలో తెలియక జనం చెరువులో వదిలేస్తారు. ఒంటినిండా గట్టి పెంకు, ముళ్ళు. వలలు చింపుతుంది, గట్లు తొలుస్తుంది, మార్కెట్టులో ఎవరూ కొనరు. మన దేశంలో ఎన్నోచోట్ల జాలర్లు దాన్ని తిట్టుకుంటున్నారు.

మావులు సర్దుకుంటున్న ఆ పెద్దావిడలాంటి వాళ్ళ పూట గడిచేది కొర్రమీను, జెల్ల, పరిగెలతోనే. మన హాల్లోని ముచ్చట వాళ్ళ వలలోకి చేటుగా పోకూడదు కదా! కాబట్టి తొట్టిలో మొక్కలు కత్తిరించిన ముక్కలు కాలువలో పారేయకండి. ఎండబెట్టి పెరటి కుండీలో ఎరువుగా వెయ్యండి. చేపలు ఎక్కువైతే తెలిసినవాళ్ళకివ్వండి, దుకాణంవాళ్ళు తీసుకుంటే వాళ్ళకిచ్చెయ్యండి. "పాపం, బతుకుతుందిలే" అని కాలువలో మాత్రం వదలకండి. తొట్టి ఎత్తేసే రోజు వస్తే ఆ ఇసుకను బాగా ఎండలో ఆరబెట్టి కుండీల్లోనే వాడుకోండి.

ఒక్కచూపులో

• నదీ ఇసుక, బొంబాయి రవ్వ నుంచి ఆవగింజంత. నిమ్మరసం పరీక్ష తప్పనిసరి.
• మూడుసార్లు నానబెట్టి ఎండబెట్టిన పెరటి మట్టి అంగుళం. దానిపైన ఇసుక అంగుళంన్నర నుంచి రెండు అంగుళాలు.
• పళ్ళెం మీదుగా నీళ్ళు. తర్వాత మొక్కలు. నాలుగు నుంచి ఆరు వారాల తర్వాతే చేపలు.
• అడుగు కదపవద్దు, పీకవద్దు. కత్తిరించండి.
• కొల్లేటి నుంచి ఏదీ తేవద్దు. తొట్టి నుంచి కాలువకు ఏదీ పంపవద్దు.

ఈ ఫాల్గుణంలో పెద్దింట్లమ్మ తల్లి జాతరకు వెళ్ళేవాళ్ళు పిల్లల్ని తప్పకుండా వెంట తీసుకువెళ్ళండి. దణ్ణం పెట్టుకున్నాక ఒడ్డున ఒక పది నిమిషాలు కూర్చోబెట్టి, నీళ్ళ అడుగున ఏముందో చూడమనండి. ఇంటికొచ్చాక ఇసుక కడిగే పని వాళ్ళకే అప్పగించండి. వారం రోజులు చేతులు తడుపుకున్న పిల్లవాడు ఆ తొట్టిని ఎంత జాగ్రత్తగా చూసుకుంటాడో మీరే చూస్తారు!